బెడ్‌రూమ్ గుమ్మం దగ్గరే బేరం ఆగిపోతోందా? అమ్మకానికి పెట్టిన ఫ్లాట్‌లో సమస్యలు - పరిష్కారాలు

ఫ్లాట్ చూడ్డానికి వచ్చినవాళ్లు హాల్లో కూర్చుని మంచినీళ్లు తాగుతారు. వంటగట్టు మీద చెయ్యి వేసి చూస్తారు. బాల్కనీలోంచి కిందికి తొంగి చూస్తారు. బెడ్‌రూమ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుమ్మంలోనే ఆగి, తల ఒక్కటి లోపలికి పెట్టి, "సరేనండీ, ఇంట్లో మాట్లాడి చెబుతాం" అంటారు. ఆ తర్వాత ఫోన్ రాదు.

కూకట్‌పల్లి వైపు మా పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అమ్మేటప్పుడు ఐదారు ఆదివారాలు వరసగా ఇదే జరిగింది. ధర ఎక్కువ చెప్పామేమో అని లక్ష తగ్గించాం. అయినా అంతే. ఒకరోజు మా వదిన వచ్చి, అదే గుమ్మంలో నిలబడి, "ముందు ఈ వాసన సంగతి చూడండి, ధర సంగతి తర్వాత" అంది. రోజూ అందులోనే పడుకునే మా ముక్కులకు అది ఎప్పుడో అలవాటైపోయింది. మీ గదిలో లోపం మీకు కనపడదు. పట్టుకోవాలంటే ఊరి నుంచి వచ్చిన చుట్టాన్నే అడగాలి.

ముందు వాసన, తర్వాత గోడ, వెలుతురు, చోటు. దుప్పట్లూ కర్టెన్లూ వీటన్నిటి తర్వాతే. మేము మొదట దుప్పట్లు కొన్నాం, డబ్బు దండగైంది.

తలుపు తీయగానే వాసన

ఫ్లాట్ కొన్నాళ్లుగా తాళం వేసి ఉంటే మొదట అటాచ్డ్ బాత్‌రూమ్‌ను అనుమానించండి. నేల మీద నీళ్లు పోయే నహానీ ట్రాప్‌లో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉంటాయి. డ్రైనేజీ గొట్టంలోని గాలి పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. వాడకం లేకపోతే, అందులోనూ ఎండాకాలంలో, అవి ఆవిరైపోతాయి. ప్రతి ట్రాప్‌లోనూ, వాష్‌బేసిన్‌లోనూ చెంబెడు నీళ్లు పోయండి, కమోడ్ ఒకసారి ఫ్లష్ చేయండి. పైసా ఖర్చు లేదు. కొనేవాళ్లు వచ్చే ముందు రోజు ఎవరో ఒకరు వెళ్లి ఈ పని చేసి రావాలి.

మనుషులు ఉంటున్న ఇంట్లో వాసన చాలాసార్లు బీరువాలోంచీ అటక మీది నుంచీ వస్తుంది. పాత బొంతలు, కలరా ఉండలు, వాడని పరుపు. బొంతలు, పరుపు రెండు రోజులు ఎండలో వేయండి. కప్‌బోర్డు తలుపులు ఒక పగలంతా తీసి ఉంచండి. కలరా ఉండలు తీసేయండి.

రూమ్ ఫ్రెషనర్ కొట్టి, నాలుగు అగరబత్తీలు వెలిగించి ఊరుకుంటే కొనేవాళ్లకు ఒకటే అర్థమవుతుంది, వీళ్లు ఏదో దాస్తున్నారని.

ఇవన్నీ చేసినా ముక్కిన వాసన పోలేదంటే సమస్య గోడలో ఉంది.

గోడ అడుగున ఉబ్బు, పెచ్చులు, తెల్లపొడి

ఎక్కువ బేరాలు చెడేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

బాత్‌రూమ్‌కు ఆనుకున్న బెడ్‌రూమ్ గోడ చూడండి. నేల నుంచి ఒకటి రెండడుగుల ఎత్తు వరకు రంగు ఉబ్బిందా? గోరుతో గీరితే పెచ్చు ఊడి లోపల తెల్లగా ఉప్పులాంటి పొడి రాలుతోందా? నీళ్లు గోడలోంచి బయటికి వస్తూ లోపలి లవణాలను మోసుకొస్తే ఆ పొడి కడుతుంది.

అది నిజంగా లోపలి తడేనా అని సందేహం ఉంటే అడుగున్నర పాలిథిన్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒకరోజు వదిలేయండి. కవరు వెనక, గోడ వైపు నీటి బిందువులు ఉంటే తడి గోడలోంచే వస్తోంది. గది వైపు ఉంటే అది గాలిలోని తేమ. కిటికీ తెరిచి ఉంచితే సరిపోతుంది.

గోడలోంచే అని తేలితే తర్వాత ప్రశ్న, బాత్‌రూమ్ నేల కారుతోందా, గోడలోని పైపా? ట్రాప్ మూతి గుడ్డతో, ప్లాస్టిక్ కవరుతో గట్టిగా మూసి నేల మీద అంగుళం ఎత్తు నీళ్లు నిలబెట్టండి. నీటి మట్టం దగ్గర టైల్ మీద పెన్సిల్‌తో గీత గీసి 24 గంటలు ఆగండి. మట్టం బాగా తగ్గినా, బెడ్‌రూమ్ గోడకు కొత్త తడి కనిపించినా, కింది ఫ్లాట్ బాత్‌రూమ్ సీలింగ్‌లో చెమ్మ దిగినా దోషం నేలదే. ఏమీ జరగకపోతే పైపును అనుమానించి ప్లంబర్ చేత ప్రెషర్ టెస్ట్ చేయించండి.

నేలది అయితే టైల్స్ మొత్తం పగలగొట్టాలని చెప్పేవాళ్లు ఉంటారు. చాలాసార్లు అంత అవసరం రాదు. టైల్స్ మధ్య సందుల్లో పాత సిమెంటు గీకించి, ట్రాప్ చుట్టూ, గోడా నేలా కలిసే మూలల్లో కూడా ఎపాక్సీ గ్రౌట్ (సందుల్లో నింపే, నీళ్లు చొరని మిశ్రమం) పెట్టిస్తే కారడం ఆగుతుంది. మళ్లీ నీళ్లు నిలబెట్టి చూసి, అప్పటికీ ఆగకపోతేనే పగలగొట్టడం గురించి ఆలోచించండి.

లీకేజీ ఆగాక బెడ్‌రూమ్ వైపు చెడిపోయిన ప్లాస్టరింగ్ కొట్టించి, వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ కలిపిన సిమెంటుతో మళ్లీ చేయించండి. ఆపైన ఆగండి. కనీసం రెండు మూడు వారాలు, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. మేము ఆగలేదు. అసలు లీకేజీ సంగతే చూడకుండా పెయింటర్ చేత లప్పం పెట్టించి, రంగు వేయించాం. మూడో వారానికల్లా అరచేయంత పెచ్చు ఊడి నేల మీద పడింది. అప్పుడు గదిలో కొనడానికి వచ్చిన దంపతులు ఉన్నారు. ఆయన మర్యాదస్తుడు, చూడనట్టే నడిచి వెళ్లిపోయాడు.

తడి గోడకు అడ్డంగా బీరువా జరిపేస్తే? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 55 దీని గురించే చెబుతుంది. ఆస్తిలో ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉండి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే అమ్మేవారు దాన్ని చెప్పి తీరాలి. చట్టం మాట అటుంచినా, ఫ్లాట్ చూడ్డానికి వచ్చే పెద్దాయన బీరువా వెనక్కి తొంగి చూడకుండా పోతాడని ఎందుకు అనుకోవాలి? బాగు చేయించిన బిల్లు, పని జరుగుతున్నప్పటి ఫోటోలు ఫోన్‌లో ఉంచుకుని మీరే చూపించండి. మా ఫ్లాట్ చివరికి కొన్నవాళ్లు ఆ బిల్లు జిరాక్స్ అడిగి తీసుకున్నారు.

చెమ్మ సీలింగ్‌లో ఉంటే పని పైఅంతస్తులో జరగాలి. వాళ్లతో మాటలు తెగిపోయి ఉంటే అసోసియేషన్ పెద్దలను మధ్యలో పెట్టుకోండి. అమ్ముతున్నామని చెబితే చాలామంది సహకరిస్తారు. పీడ విరగడవుతుందని కూడా కావచ్చు.

పగుళ్లు

స్తంభమో దూలమో ఇటుక గోడను కలిసేచోట వెంట్రుకవాసి గీత వస్తే భయం లేదు. కాంక్రీటు, ఇటుక ఎండకు ఒకేలా సాగవు కాబట్టి వస్తుంది. గీతను కాస్త వెడల్పు చేసి క్రాక్ ఫిల్లర్ నింపి రంగు వేయవచ్చు. గోడకు ఏటవాలుగా, వేలుగోరు దూరేంత పగులు ఉండి, నెలనెలా పెరుగుతుంటే మాత్రం పెయింటర్‌ను కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలవండి.

మంచం వెనక నూనె మరక, కొత్త రంగులోంచి కూడా కనిపిస్తోంది

కొబ్బరినూనె తలలు ఏళ్ల తరబడి ఆనిన చోటు ప్రతి ఇంట్లో ఉంటుంది. నూనె మీద నీళ్ల రంగు పట్టదు, పట్టినా నెలలో మరక పైకి తేలుతుంది. సబ్బునీళ్లతో రుద్ది కడిగి, ఆరాక ఉప్పుకాగితం పట్టి, ఆయిల్ ప్రైమర్ ఒక కోటు వేసి, ఆ తర్వాతే ఎమల్షన్ వేయాలి. పిల్లలు గీసిన క్రేయాన్ బొమ్మలకూ ఇదే మందు.

తలుపు చట్రంలో మట్టి గీతలు కనిపించినా, తట్టితే డొల్లగా మోగినా అది చెద. రంగుతో పోదు. రంధ్రాలు చేసి మందు ఎక్కించాలి.

పగలు కూడా లైటు వేయాల్సి వస్తోంది

ముందు కిటికీ దోమతెర చూడండి. ఏళ్ల దుమ్ము పట్టిన జాలీ వెలుతురును మింగేస్తుంది. కడగండి, చిరిగితే మార్చండి. తర్వాత కర్టెన్. చాలా ఇళ్లలో కిటికీ చట్రం మీదే రాడ్ బిగించి ఐదడుగుల ముదురు మెరూన్ కర్టెన్ వేస్తారు. పక్కకు లాగినా సగం అద్దం మూసే ఉంటుంది. రాడ్‌ను చట్రానికి ఆరేడు అంగుళాలు పైకి, రెండు పక్కలా అంతే బయటికి జరిపి, ఏడడుగుల లేతరంగు కాటన్ కర్టెన్ వేయండి. కిటికీ పెద్దదైనట్టు అనిపిస్తుంది, గది ఎత్తు కూడా.

పదేళ్ల కింద ముచ్చటపడి వేయించిన ఊదారంగు హైలైట్ గోడ ఉంటే దానికి స్వస్తి చెప్పండి. ముదురు రంగు మీద ముందు ప్రైమర్ వేయాలి, లేకపోతే మూడు కోట్లకు కూడా అణగదు. పది బై పదకొండు అడుగుల గదికి తలుపు, కిటికీ, కప్‌బోర్డు పోను గోడలు సుమారు 330 చదరపు అడుగులు వస్తాయి. నున్నటి గోడ మీద లీటరు ఎమల్షన్ రెండు కోట్లకు 100 నుంచి 140 చదరపు అడుగుల వరకు వస్తుంది. అంటే నాలుగు లీటర్ల డబ్బా ఒకటి చాలు. పెయింటర్ పది లీటర్ల బకెట్ రాసిస్తే ఈ లెక్క చెప్పండి.

బల్బులు: తెల్లగా ఆసుపత్రిలా కొట్టే 6500 కెల్విన్ ట్యూబ్‌తో పాటు 2700 లేదా 3000 కెల్విన్ అని రాసి ఉన్న, పసుపు వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీలు రెండు పెట్టి, కొనేవాళ్లు వచ్చినప్పుడు వాటినే వేయండి.

గది ఇరుకుగా ఉందంటున్నారు

గది ఇరుకు కాకపోవచ్చు, మంచం పెద్దది కావచ్చు. పదడుగుల గోడంటే 120 అంగుళాలు. కింగ్ సైజు మంచం 72 తింటుంది. మధ్యలో వేస్తే పక్కకు 24 అంగుళాలే మిగులుతాయి, మనిషి ఏటవాలుగా నడవాలి. 60 అంగుళాల క్వీన్ వేస్తే పక్కకు 30. అలాగని కొత్త మంచం కొనొద్దు. ఇంకో గదిలో చిన్న మంచం ఉంటే అటూ ఇటూ మార్చండి. లేదంటే డ్రెస్సింగ్ టేబులూ, పక్క బల్లలూ, బట్టలు వేలాడే ఆ వ్యాయామం సైకిలూ బయటికి పంపండి.

అటక మీద టీవీ అట్టపెట్టె, గ్రైండర్ పెట్టె, పెళ్లినాటి సూట్‌కేసులు, బొమ్మల కొలువు డబ్బాలు. ఎలాగూ ఖాళీ చేయాల్సిందే, ఇప్పుడే చేయండి. కప్‌బోర్డు కూడా సగం ఖాళీ చేయండి, వచ్చినవాళ్లు తప్పకుండా తెరుస్తారు.

గది పూర్తిగా ఖాళీగా ఉన్నా చిన్నదిగానే కనిపిస్తుంది. అప్పుడు మాస్కింగ్ టేప్‌తో నేల మీద ఆరడుగులు బై ఆరున్నర అడుగుల దీర్ఘచతురస్రం అంటించండి. మంచం ఎక్కడ పడుతుందో వాళ్లకే తెలుస్తుంది.

అంతా శుభ్రంగానే ఉంది, కానీ హాస్టల్ గదిలా ఉంది

ఇప్పుడు దుప్పట్లు. సాదా లేతరంగు కాటన్ దుప్పటి ఒకటి, కాళ్ల వైపు మడిచి వేయడానికి పెడన కలంకారీ దుప్పటి ఒకటి, మంచం పక్కన నేల మీద వరంగల్ జంపఖానా. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ జంపఖానాలు కొత్తిల్లు మారాక కూడా పనికొస్తాయి, అదే నాకు నచ్చింది. పూలూ గీతలూ ఉన్నది ఒక్కటే ఉండాలి, మిగతావి సాదావి. నూనె పట్టిన దిండ్లు దాచేసి కొత్తవి రెండు వేయండి. రెండు గదులకూ దుప్పట్లు, కర్టెన్లు, బల్బులు అన్నీ కలిపి మాకు 6,000 దాటలేదు.

ప్లాస్టిక్ పూలు, గోడ మీద అంటించే సూక్తులు వద్దు. దండ వేసిన పెద్దల ఫోటోలు బెడ్‌రూమ్‌లో ఉంటే కొన్నాళ్లు దగ్గరి బంధువుల ఇంట్లో ఉంచండి. మనకు అది భక్తి, కొత్తవాళ్లకు కొంచెం బెరుకు.

ఇదంతా చేశాక వచ్చిన మొదటి ఆదివారం, చూడ్డానికి వచ్చినావిడ నేరుగా లోపలికి వెళ్లి మంచం అంచున కూర్చుని వాళ్లాయనతో కిటికీ గురించి మాట్లాడింది. వాళ్లు కొనలేదు, అది వేరే సంగతి. కానీ గుమ్మం దాటారు.

పైఅంతస్తు, మధ్యాహ్నం గది కాలిపోతోంది

స్లాబ్ పగలంతా ఎండ పీల్చుకుంటుంది. అసోసియేషన్‌ను అడిగి మీ గది పైభాగానికి తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, కనీసం సున్నం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా, అసోసియేషన్ మీటింగ్‌లో ఆ మాట పనికొస్తుంది.

"మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో లేదే!"

గోడలు జరపలేరు, వాదించకండి. కానీ ఒకటి గమనించండి. వాళ్లు ఫోన్‌లో దిక్సూచి తీసి ఇనప బీరువా పక్కనో స్టీలు మంచం దగ్గరో నిలబడి చూస్తారు. ఇనుము దగ్గర అది తప్పు చూపిస్తుంది. గది మధ్యలోకి రమ్మనండి. దిక్కులు గుర్తుపెట్టిన ఫ్లాట్ ప్లాను కాపీ ఒకటి చేతికివ్వండి, వాళ్ల సిద్ధాంతికి చూపించుకుంటారు. మంచం తల వైపు ఉత్తరానికి ఉంటే ముందే దక్షిణానికో తూర్పుకో తిప్పేయండి. పెద్దవాళ్ల కళ్లు మొదట అక్కడికే పోతాయి.

ఆదివారం రమ్మనేటప్పుడు సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు రాహుకాలం, ఆ వేళ పెట్టకండి. పొద్దున పదింటికి పెడితే వెలుతురు కూడా బాగుంటుంది, కిటికీలు తెరవడానికి మీకో గంట దొరుకుతుంది.