అమెరికాలో ఇంటికి గన్ కొనబోతున్నారా? బ్లాక్ ఫ్రైడే కంటే ముందే చూసుకోవాల్సినవి

దసరా నుంచి క్రిస్మస్ దాకా అమెరికాలోని మన ఇళ్లలో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ఫలానా వాళ్లింట్లో బంగారం పోయిందట అని ఒకటి. బ్లాక్ ఫ్రైడే సేల్‌లో మనమూ ఒక గన్ తీసిపెట్టుకుందామా అని రెండోది. భారతీయుల ఇళ్లను వెతుక్కుంటూ వచ్చే దొంగల ముఠాల గురించి పలు రాష్ట్రాల్లో పోలీసులే హెచ్చరించారు కాబట్టి భయపడటంలో తప్పులేదు. కానీ ఆ ముఠాలు ఎక్కువగా ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని వస్తాయి. మీరు గుళ్లోనో దీపావళి పార్టీలోనో ఉంటే బెడ్‌రూమ్‌లో ఉన్న గన్ ఏం చేస్తుంది? నగలతో పాటు అదీ పోతుంది. బంగారానికి బ్యాంకు లాకరే మందు. మనుషులు ఇంట్లో ఉండగా ఎవడో తలుపు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చి, తప్పించుకునే దారి లేనప్పుడు మాత్రమే గన్ పనికొస్తుంది. అలాంటి రాత్రి చాలామంది జీవితంలో ఒక్కటి కూడా రాదు. మిగతా రోజులన్నీ ఆ గన్ పిల్లలతో, అమ్మానాన్నలతో ఒకే కప్పు కింద ఉంటుంది. ఎంపిక ఆ రోజుల్ని దృష్టిలో పెట్టుకుని చేయాలి.

ముందు మీ వీసా చూసుకోండి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, బీ-2 వీసాల మీద ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. 2022లో చట్టం మారాక శిక్ష 15 ఏళ్ల జైలు దాకా ఉంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, మన విద్యార్థులు కొందరు ఆ దారిలోనే కొంటున్నారు. లైసెన్స్ గడువు ముగిసిన మర్నాటి నుంచి అదే గన్ మిమ్మల్ని నేరస్థుల్ని చేస్తుంది. నన్నడిగితే వీసా మీద ఉన్నంత కాలం ఆ జోలికే వెళ్లొద్దంటాను. గ్రీన్‌కార్డు ఉన్న స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం కూడా పెద్ద నేరమే. షాపులో గన్ కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ ఫారం 4473లో అబద్ధం రాసినట్టవుతుంది, ఇరుక్కునేది మీ స్నేహితుడు కూడా. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మీకు గ్రీన్‌కార్డు ఉండి, మిమ్మల్ని చూడటానికి అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే, సేఫ్ కోడ్ వాళ్లకు చెప్పకండి. గన్ వాళ్ల స్వాధీనంలో ఉన్నట్టేనని వాదించడానికి ఆస్కారం ఇచ్చినవాళ్లవుతారు.

రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి. ఇల్లినాయిలో ఫాయిడ్ కార్డు (గన్ ఓనర్ ఐడీ) లేనిదే తూటాలు కూడా అమ్మరు. న్యూజెర్సీలో పిస్టల్ కొనాలంటే ముందుగా పర్మిట్ కావాలి. అక్కడా, కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలోనూ మ్యాగజైన్‌లో (గన్‌లోకి దూర్చే తూటాల డబ్బా) 10 తూటాలకు మించి పట్టకూడదు. టెక్సాస్‌లో ఉన్న బావగారు చెప్పినట్టు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో చేస్తే కేసవుతుంది.

ఇక ఏది కొనాలి అన్నది. షాపుకెళ్లగానే ఆడవాళ్లకు అరచేతిలో ఇమిడే చిన్న పిస్టల్ చూపిస్తారు. ముద్దుగా ఉంటుంది కానీ, బరువు తక్కువైన కొద్దీ గన్ చేతిలో ఎక్కువగా ఎగురుతుంది, గురి తప్పుతుంది. జేబులో పెట్టుకుని తిరిగేది కాదు కాబట్టి ఇంటికి కాస్త పెద్ద సైజు 9 ఎంఎం పిస్టలే నయం. పిస్టల్ పైన వెనక్కీ ముందుకూ జరిగే భాగాన్ని స్లైడు అంటారు, దాన్ని వెనక్కి లాగే బలం లేకపోతే .38 స్పెషల్ రివాల్వర్ చూడొచ్చు. లాగేదీ గుంజేదీ ఉండదు, కానీ ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది, 5 లేదా 6 తూటాలే పడతాయి. షాట్‌గన్ దెబ్బ గట్టిదే, కానీ పొడవు. ఇరుకు హాల్లో మలుపు తిరగడం కష్టం, భుజం మీద తన్నుడూ ఎక్కువే. 12 గేజ్ బరువనిపిస్తే 20 గేజ్ ఉంది (గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం). ఏదైనా సరే, తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజ్‌కి వెళ్లి అద్దెకు తీసుకుని కాల్చి చూడకుండా కొనొద్దు. భార్యాభర్తలిద్దరూ వాడతామంటే ఇద్దరి చేతికీ కుదరాలి.

తూటాల దగ్గర మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు, అసలు జాగ్రత్త ఉండాల్సిందే అక్కడ. అమెరికా ఇళ్ల లోపలి గోడలంటే చెక్క ఫ్రేముకు అటూ ఇటూ అరంగుళం మందం డ్రైవాల్, అంటే జిప్సం పలక. మన ఊరి ఇటుక గోడను మనసులో పెట్టుకుంటే మోసపోతారు. మనిషిని ఆపగలిగిన తూటా ఏదైనా ఈ గోడల్ని దాటుతుంది. కాబట్టి పిల్లల గది ఎటు ఉంది, పక్కింటి బెడ్‌రూమ్ ఎటు ఉంది అన్నది తూటా రకం కంటే ముందు ఆలోచించాల్సిన విషయం. రేంజ్‌లో వాడే చవక తూటాలు ఫుల్ మెటల్ జాకెట్ (పైన లోహపు తొడుగు ఉన్న) రకం. అవి మనిషిలోంచి దూసుకుపోయి అవతల ఉన్నవాళ్లకు తగిలే ప్రమాదం ఎక్కువ. ఇంటికి హాలో పాయింట్ (మొన గుల్లగా ఉండే) రకం తీసుకోవాలి. ఇది తగిలాక విచ్చుకుని వేగం కోల్పోతుంది. అయితే కొన్ని పిస్టళ్లకు కొన్ని బ్రాండ్ల హాలో పాయింట్ సరిపడదు, చాంబర్‌లోకి (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఎక్కుతూ ఇరుక్కుంటుంది. ఖరీదెక్కువని చూడకుండా ఒకటి రెండు డబ్బాలు కాల్చి చూసి, అడ్డం లేకుండా ఆడితేనే అదే బ్రాండు ఇంట్లో పెట్టుకోండి.

గన్ బారెల్ మీద ఏం రాసి ఉందో తూటా అడుగున అదే రాసి ఉండాలి. 9 ఎంఎం లూగర్ వేరు, 9 ఎంఎం మకరోవ్ వేరు. షాట్‌గన్ తూటాల్లో (వీటిని షెల్స్ అంటారు) పొడవు చూడాలి: రెండు ముప్పావు అంగుళాల చాంబర్‌లో మూడంగుళాల షెల్ దూరుతుంది, కానీ పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. 20 గేజ్ షెల్ పసుపు రంగులో ఎందుకుంటుందో తెలుసా? పొరపాటున 12 గేజ్ గన్‌లో పడితే లోపలికి జారి బారెల్‌లో ఆగుతుంది. గన్ పేలలేదేమిటా అని వెనకాల 12 గేజ్ షెల్ పెట్టి కాల్చారంటే బారెలే పగిలిపోతుంది. ఇంట్లో రెండూ ఉంటే షెల్స్ ఒకే డబ్బాలో కలపకండి. డాలస్ ఎండలకు గరాజ్ ఎలా మండుతుందో తెలిసిందే, తూటాలు అక్కడ కాదు, ఇంట్లో చల్లగా పొడిగా ఉన్న చోట తాళం వేసి పెట్టండి.

పోపుల డబ్బా దాచినట్టు పై అరలో బట్టల కింద గన్ దాస్తే సరిపోదు. పిల్లలు ఎక్కడైనా ఎక్కుతారు. కోడ్‌తో గానీ వేలిముద్రతో గానీ తెరుచుకునే చిన్న సేఫ్ కొని, దాన్ని మంచానికో అల్మరాకో బోల్టుతో బిగించండి. బిగించని సేఫ్‌ను దొంగ సేఫ్‌తో సహా పట్టుకుపోతాడు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే తల్లిదండ్రుల మీదే కేసు. మిషిగన్‌లో 2021లో ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్‌లో నలుగురు విద్యార్థులను కాల్చి చంపిన కుర్రాడి తల్లినీ తండ్రినీ 2024లో కోర్టు 10 నుంచి 15 ఏళ్లకు జైలుకు పంపింది. ఇంట్లో ఎవరైనా డిప్రెషన్‌లో ఉన్నా, టీనేజ్ పిల్లలు చదువు టెన్షన్‌తో నలిగిపోతున్నా గన్ కొనడం వాయిదా వేయండి, ఉంటే కొన్నాళ్లు ఇంట్లో లేకుండా చేయండి. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మాట్లాడటానికి మనిషి కావాలంటే 988కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

2024 నవంబరులో అట్లాంటాలో ఉంటున్న తెలంగాణ విద్యార్థి తన పుట్టినరోజునే తుపాకీ శుభ్రం చేస్తూ పేలి చనిపోయిన వార్త చాలామంది చదివే ఉంటారు. పిస్టల్ శుభ్రం చేసేటప్పుడు మ్యాగజైన్ ముందు తీయాలి, ఆ తర్వాతే స్లైడు లాగాలి. తలకిందులుగా చేస్తే స్లైడు ముందుకొస్తూ మ్యాగజైన్‌లోని ఇంకో తూటాను చాంబర్‌లోకి ఎక్కిస్తుంది. మ్యాగజైన్ తీశాం కదా, ఖాళీయే అనుకుంటారు. గ్లాక్ లాంటి పిస్టళ్లలో విడదీయాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సిందే, కాబట్టి ఈ వరుస తప్పితే తూటా పేలుతుంది. చాంబర్‌లోకి కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, అప్పుడు విడదీయండి. ఆ గదిలో తూటాలు ఉండకూడదు.

రాత్రి చప్పుడైతే గన్ పట్టుకుని ఇల్లంతా వెతకడం సినిమా పని. అందరూ ఒకే గదిలోకి చేరి, గడియ పెట్టుకుని, 911కి ఫోన్ చేయండి. గన్ గురి ఆ గది తలుపు వైపే. ఏ గదిలో చేరాలో ఇంగ్లిష్ రాని అమ్మమ్మకు, తాతయ్యకు కూడా ముందే తెలుగులో చెప్పి ఉంచండి. టార్చి వెలుగులో ముఖం చూడనిదే ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. హాస్టల్ నుంచి చెప్పకుండా వచ్చిన కొడుకు కావచ్చు. 2023లో కాన్సాస్ సిటీలో తమ్ముళ్లను తీసుకెళ్లడానికి వచ్చి పొరపాటున వేరే ఇంటి బెల్ కొట్టిన 16 ఏళ్ల కుర్రాణ్ని ఆ ఇంటాయన కాల్చేశాడు. పిల్లాడు బతికాడు, పెద్దాయన కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. పోలీసులు వచ్చేసరికి మీ చేతిలో గన్ కనిపించకూడదు. ఎక్కడ పెట్టారో ఫోన్లోనే చెప్పండి.

రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడొద్దు. ఏదో జేబు మూల మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు రాస్తారు. తెలియక వచ్చిందని కోర్టులో తేల్చుకునేసరికి సెలవులు కాస్తా అయిపోతాయి.