ఒంటరిగా పడవ నడిపేవారు బీకన్‌ను ఎంచుకోవడం, పరీక్షించుకోవడం ఎలా

పడవలో ఇద్దరుంటే, ఒకరు నీటిలో పడినప్పుడు రెండోవారు చూసి పడవను వెనక్కి తిప్పుతారు. చెన్నై హార్బర్ నుంచి ఎన్నూరు, పులికాట్ దాటి కృష్ణపట్నం వైపు తెరచాప పడవలో ఒక్కరే వెళ్లదలచినవారికి ఆ రెండో మనిషి ఉండరు. ఆటోపైలట్ వేసి ఉంటే పడవ తన దారిన తాను సాగిపోతుంది. అందువల్ల ప్రమాదంలో ఉన్నామని సంకేతం పంపే పరికరమైన బీకన్ కొనేముందు, అది ప్రమాద సమయంలో మీ చేతికి అందుతుందా లేదా అన్నది తేల్చుకోవాలి. ధర, బ్రాండ్ ఆ తరువాతి సంగతులు. 2018 సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో ఒంటరిగా వెళుతున్న భారత నావికుడు అభిలాష్ టామీ పడవ తెరచాప కొయ్య విరిగి, నడుము దెబ్బతిని కదలలేని స్థితిలో ఉన్నప్పుడు, అత్యవసర సామగ్రి ఉన్న సంచిని అందుకోవడం కూడా కష్టంగా ఉందని ఆయన సందేశం పంపారు. ఒంటరి నావికుని విషయంలో పడవలో ఉన్న పరికరం వేరు, ఒంటిమీద ఉన్న పరికరం వేరు.

మార్కెట్లో ప్రధానంగా మూడు రకాలు కనిపిస్తాయి. పడవకు సంబంధించినది ఈపర్బ్: నీటిలో నిటారుగా తేలుతూ తనంతట తానే కనీసం 48 గంటలు సంకేతం పంపుతుంది. మనిషికి సంబంధించినది పీఎల్‌బీ: జేబులో పట్టేంత చిన్నది, కనీసం 24 గంటలు పనిచేస్తుంది. ఈ రెండూ 406 మెగాహెర్ట్జ్‌పై సుమారు 50 సెకన్లకొకసారి అంతర్జాతీయ రక్షణ వ్యవస్థ అయిన కాస్పాస్-సార్సాట్ ఉపగ్రహాలకు సంకేతం పంపుతాయి. దగ్గరకు వచ్చిన హెలికాప్టరో ఓడో మిమ్మల్ని వెతికి పట్టుకోవడానికి 121.5 మెగాహెర్ట్జ్‌పై మరో సంకేతం ఇస్తాయి. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు 121.5 సంకేతాన్ని స్వీకరించడం లేదు కాబట్టి, ఆ ఒక్క పౌనఃపున్యమే ఉన్న పాత బీకన్ ఎంత చవకగా దొరికినా తీసుకోవద్దు. మూడోది ఏఐఎస్ పరికరం: మీ స్థానాన్ని ఉపగ్రహానికి కాక దగ్గరలోని ఓడల తెరలకు నేరుగా పంపుతుంది. లైఫ్ జాకెట్ ఉబ్బగానే తనంతట తానే మొదలయ్యేలా దీన్ని అమర్చుకోవచ్చు, స్పృహ తప్పినవారికి ఇది పెద్ద మేలు. అయితే యాంటెన్నా నీటిమట్టానికి కొంచెమే పైన ఉంటుంది కనుక, సంకేతం కొద్ది నాటికల్ మైళ్ల లోపలున్న ఓడలకే చేరుతుంది. సిబ్బంది ఉన్న పడవలో ముందు కొనవలసింది ఇదే. ఒక్కరే ఉన్న పడవలో ముందు పీఎల్‌బీ, తరువాత ఇది. చెన్నై, ఎన్నూరు ఓడరేవుల ముందు ఓడల రాకపోకలు ఎక్కువ కాబట్టి రెండూ ఉంటే మంచిదే. రెండు పనులూ కలిపి చేసే పీఎల్‌బీలు కూడా ఇప్పుడు వస్తున్నాయి.

పీఎల్‌బీని చేతిలోకి తీసుకుని చూడకుండా కొనడం నాకు సమ్మతం కాదు. దుకాణంలోనైనా, ఇప్పటికే కొన్న స్నేహితుని దగ్గరైనా, దానిని ఎడమచేత్తో మాత్రమే పట్టుకుని యాంటెన్నా విప్పే ప్రయత్నం చేయండి. పనిచేస్తున్న బీకన్ అయితే ఆన్ బటన్ మూత మాత్రం తీయవద్దు. తరువాత అదే పనిని చేయి తడిపి, కళ్లు మూసుకుని చేయండి. కొన్నింటిలో యాంటెన్నా రేకు చుట్టలా లోపల ఉంటుంది, దాని కొసను గోటితో లాగాలి. మరికొన్నింటిలో మడతపెట్టిన కడ్డీని పైకెత్తితే చాలు. కుడిచేయి విరిగినవారికి, వేళ్లు నీటిలో నాని మొద్దుబారినవారికి ఈ తేడా చిన్నది కాదు. అలాగే, నీరు చొరబడనిదల్లా నీటిలో తేలుతుందని అనుకోకూడదు. కొన్ని చిన్న పీఎల్‌బీలు వాటితో వచ్చే తేలే సంచిలో ఉంటేనే తేలుతాయి, సంచి తీసేస్తే మునుగుతాయి. తేలేదైనా సరే, లైఫ్ జాకెట్‌కు తాడుతో కట్టి ఉండాలి. ఈపర్బ్‌లాగా పీఎల్‌బీ నీటిలో వదిలేసినా పనిచేస్తుందని చాలామంది పొరబడతారు. యాంటెన్నాను నీటికి పైన నిటారుగా, ఆకాశం కనిపించేలా ఛాతీ మీద పట్టుకుని ఉండాలి.

బీకన్‌లో జీపీఎస్ తప్పనిసరిగా ఉండాలి. అది లేకపోతే ఉపగ్రహాలు లెక్కగట్టే స్థానంలో కొన్ని కిలోమీటర్ల తేడా రావచ్చు. జీపీఎస్ ఉంటే ఆ తేడా వంద మీటర్ల స్థాయికి తగ్గుతుంది. మన కోస్తా వెంట ప్రవాహం సుమారు ఫిబ్రవరి నుంచి ఉత్తరానికి, అక్టోబరు తరువాత దక్షిణానికి మనిషిని మోసుకుపోతుంది కాబట్టి, మొదటి గంటలో తెలిసిన కచ్చితమైన స్థానానికి విలువ ఎక్కువ. రాత్రి కోసం మెరుపు దీపం ఉండాలి. గెలీలియో ఉపగ్రహాల ద్వారా తిరుగు సంకేతం ఇచ్చే సౌకర్యం 2020 నుంచి ఉంది. బీకన్ మీద ఆ సంకేతపు దీపం వెలిగితే మీ పిలుపు అందినట్టు మాత్రమే అర్థం, సహాయం బయలుదేరిందని కాదు. పైగా ఈ సౌకర్యాన్ని అన్ని దేశాలూ అనుమతించలేదు.

చాలామంది అశ్రద్ధ చేసేది దేశపు కోడ్‌నూ రిజిస్ట్రేషన్‌నూ. ప్రతి బీకన్‌కూ 15 అక్షరాల, అంకెల గుర్తింపు ఉంటుంది, అందులో ఒక దేశపు కోడ్ ఇమిడి ఉంటుంది. భారతదేశపు కోడ్ 419. విదేశం నుంచి బంధువులు తెచ్చిన బీకన్‌లో ఆ దేశపు కోడే ఉంటే, మీరెవరన్న ప్రశ్న మొదట ఆ దేశపు రిజిస్టర్‌కు వెళుతుంది. దానిని అమ్మినవారితోనో, అధికారిక సర్వీసు కేంద్రంలోనో తిరిగి కోడ్ చేయించుకోవాలి. భారత కోడ్ ఉన్న బీకన్‌ను బెంగళూరులో ఇస్రోవారి ఇస్ట్రాక్‌లో ఉన్న భారత మిషన్ కంట్రోల్ సెంటర్‌లో నమోదు చేయించాలి; సంకేతం అక్కడి నుంచి కోస్ట్ గార్డ్ రక్షణ కేంద్రానికి వెళుతుంది, మన తీరానికి అది చెన్నైలోనే ఉంది. నమోదు పత్రంలో రాసే అత్యవసర సంపర్కం విషయంలో మొహమాటం వద్దు. అర్ధరాత్రి ఫోన్ ఎత్తని బావగారి పేరుకన్నా, మీ పడవ రంగు, బయలుదేరిన సమయం, వెళ్లే దారి తెలిసి, పలకరించగానే సమాధానం చెప్పగల మిత్రుని పేరు మేలు. ప్రతి ప్రయాణానికీ ముందు ఆ వివరాలు రాసిన కాగితం ఆయన దగ్గర ఉండాలి.

ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరాలను బీకన్‌కు ప్రత్యామ్నాయంగా కొందరు సూచిస్తారు. మన దేశంలో లైసెన్సు లేకుండా అలాంటి పరికరాలను వాడడం చట్టవిరుద్ధం, వాటితో పట్టుబడిన పర్యాటకులు చిక్కుల్లో పడిన సందర్భాలున్నాయి. పీఎల్‌బీని దిగుమతి చేసుకునేవారు కూడా అనుమతుల సంగతి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. కాశిమేడు చేపల పడవల్లో కనిపించే ఇస్రో డాట్ పరికరం (ఉపగ్రహం ద్వారా ప్రమాద సంకేతం పంపేది) మంచిదే కానీ, అది పడవ కోసం చేసినది.

కొన్న తరువాత నెలకొకసారి సెల్ఫ్ టెస్ట్ చేయండి. మాన్యువల్‌లో చెప్పిన టెస్ట్ బటన్‌నే నొక్కాలి. ఆ సంకేతాన్ని వ్యవస్థ పరీక్షగానే గుర్తిస్తుంది. జీపీఎస్ పరీక్ష బ్యాటరీని ఎక్కువగా తింటుంది, పైగా చాలా మోడళ్లలో అది పరిమితమైన సార్లే అనుమతిస్తుంది కాబట్టి, సీజన్ మొదట్లో ఒకసారి ఆరుబయట చేస్తే చాలు. టెస్ట్‌తో పాటు సీలు చెక్కుచెదరలేదా, యాంటెన్నా మడతలో ఉప్పు పేరుకోలేదా, కట్టిన తాడు పిగిలిపోలేదా అని చూసి, మంచినీటి గుడ్డతో తుడవండి. ఎండలో నిలిపిన కారులో బీకన్‌ను వదిలేయవద్దు. నిజంగా పనిచేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. పొరపాటున ఆన్ అయితే వెంటనే ఆపి, కోస్ట్ గార్డ్ 1554 నంబరుకు ఫోన్ చేసి చెప్పండి. భయపడి ఊరుకుంటే వెతుకులాట కొనసాగుతూనే ఉంటుంది.

బ్యాటరీ గడువు పెట్టె మీద కాక బీకన్ ఒంటిమీదే ముద్రించి ఉంటుంది. దుకాణంలో చాలాకాలం పడి ఉన్నదాన్ని కొంటే ఆ గడువులో కొంత అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది, కాబట్టి డబ్బు చెల్లించకముందే ఆ తేదీ చదవండి. బ్యాటరీని ఇంట్లో విప్పి మార్చకూడదు, విప్పితే నీరు చొరబడకుండా ఉన్న సీలు పోతుంది. బీకన్‌ను అమ్మినా, పారవేసినా నమోదు కేంద్రానికి తెలియజేయాలి. పారవేసేటప్పుడు సర్వీసు కేంద్రంలో బ్యాటరీ తీయించిన తరువాతే ఇవ్వాలి. పాత సామాను దుకాణంలో ఎవరో యాంటెన్నా లాగి ఆన్ బటన్ నొక్కి చూసినా ఉపగ్రహానికి అది మీ పిలుపే.