పాత జనరేటర్ ఇంజిన్ చేతికొచ్చింది, దేనికి వాడుకోవాలి?

చెన్నైలో అపార్ట్‌మెంట్ల పాత జనరేటర్లు చాలావరకు తుక్కు కింద పుదుపేట దాకా వెళ్తాయి. ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం) కాలిపోయినా ఇంజిన్ బాగున్నవి వాటిలో ఉంటాయి. మీ చేతికి అలాంటి 5 హెచ్‌పీ సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజిన్ వచ్చిందనుకోండి. ఊళ్లో పొలానికి పంపుదామా, మళ్లీ జనరేటర్ చేద్దామా అని మొదలెట్టకండి, ముందు అందులో ప్రాణం ఎంతుందో చూడాలి.

1. చేత్తో తిప్పి చూడండి. 2015 వరదల్లో, 2023 డిసెంబర్ తుపానులో సెల్లార్లు మునిగాయి కదా, అలా నీళ్లలో నానిన ఇంజిన్ అని అనుమానం ఉంటే హ్యాండిల్ వేసే ముందే ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) విప్పేయండి. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలు కలిసిన టీలా ఉందా, లోపలికి నీళ్లు చేరినట్టే. ఇంజెక్టర్ విప్పి ఉంటే మళ్లీ బిగించాక, డీకంప్రెషన్ లివర్ (వాల్వు తెరిచి ఉంచి సిలిండర్‌లో ఒత్తిడి వదిలేది) ఎత్తితే తేలిగ్గా తిరగాలి, దించితే గట్టిగా ఎదురు తన్నాలి. తన్నకపోతే రింగులో వాల్వులో పోయాయి.

2. స్టార్ట్ చేసి పొగ చూడండి, కానీ ఓ చెక్కముక్క పక్కన పెట్టుకుని. అరిగిన డీజిల్ ఇంజిన్ ఒక్కోసారి అడుగున సంప్‌లో ఉన్న తన ఇంజిన్ ఆయిల్‌నే తాగుతూ స్పీడెక్కిపోతుంది, అప్పుడు డీజిల్ ఆపినా ఆగదు, ఎయిర్ ఇన్‌టేక్‌ను చెక్కతో మూసేయాలి (చెయ్యి పెట్టొద్దు). నల్లపొగ అయితే ఎయిర్ ఫిల్టరో ఇంజెక్టరో, బాగయ్యే రోగమే. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకపోతే కంప్రెషన్ బలహీనమైనట్టో, నీళ్లు కారుతున్నట్టో. ఈ పరీక్ష ఆరుబయటే.

3. ఇక ఇంజిన్ మీది ప్లేటు చదవండి. అసలు నిర్ణయం ఇక్కడే ఉంది. 1500 ఆర్‌పీఎం (నిమిషానికి 1500 చుట్లు) అని ఉంటే ఆ ఇంజిన్‌ను ఆ ఒక్క స్పీడులో గంటల తరబడి తిరగడానికే చేశారు, స్పీడును అదుపు చేసే గవర్నర్ దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. కాబట్టి దీన్ని బండికి బిగించే ఆలోచన వదిలేయండి. ఆగకుండా ఒకే స్పీడు, ఒకే లోడు ఉండే పని వెతకండి.

అలాంటి పనుల్లో నా ఓటు నీళ్ల పంపుకే. సూళ్లూరుపేట వైపు పొలం ఉంటే, కరెంటు కనెక్షన్ లేని వాగుపక్క చేను అయితే ఇంకా మంచిది. బోరు మోటారుకు ఉచిత కరెంటు వచ్చేచోట మాత్రం లీటరు 90 రూపాయల పైన ఉన్న డీజిల్ పోయడం శుద్ధ దండగ. ఫుల్ లోడులో గంటకు లీటరు పైనే తాగుతుంది. పంపు కూడా 1500 ఆర్‌పీఎందే చూసుకోండి. 2900ది తెచ్చి నేరుగా కలిపితే వచ్చే నీళ్లు సగానికి, అవి ఎక్కే ఎత్తు పావువంతుకు పడిపోతాయి. నీటిమట్టం పంపుకు 6 మీటర్ల లోపు ఉండాలి.

మళ్లీ ఆల్టర్నేటర్ బిగించొచ్చు, 4 పోల్ది అయితే 1500కే 50 హెర్ట్జ్ వస్తుంది. కానీ రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్ల కోసం వద్దు. డీజిల్ ఇంజిన్‌ను ఎప్పుడూ తక్కువ లోడులో నడిపితే ఇంధనం సరిగా కాలక ఇంజెక్టర్‌కు, సైలెన్సర్‌కు మసి, జిడ్డు పడతాయి. ఇంటి వైరింగ్‌కు కలిపితే చేంజోవర్ స్విచ్ (లైన్ కరెంటో జనరేటరో ఒక్కసారికి ఒక్కటే కలిపేది) తప్పనిసరి, లేకపోతే మీ కరెంటు లైన్లోకి ఎదురెక్కి స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు తగులుతుంది.

పిండిమిల్లు, గడ్డి కోసే మిషన్ లాంటివైతే బెల్టు కావాలి. లెక్క సులువే: ఇంజిన్‌కు 6 అంగుళాల పుల్లీ, మిషన్‌కు 12 అంగుళాలది వేస్తే 750 ఆర్‌పీఎం. కానీ ఆల్టర్నేటర్‌కు నేరుగా కలిపిన ఇంజిన్ షాఫ్టు ఇలా పక్కకు లాగే బరువు కోసం కట్టింది కాకపోవచ్చు, పుల్లీ దానికే తగిలిస్తే మెయిన్ బేరింగ్ తినేస్తుంది. రెండు ప్లమ్మర్ బ్లాకుల (బేరింగ్ ఉండే దిమ్మెల) మీద వేరే షాఫ్టు నిలబెట్టి, రబ్బరు కప్లింగ్‌తో ఇంజిన్‌కు కలిపి, పుల్లీ ఆ షాఫ్టుకు వేయించండి. లేత్ వర్క్‌షాపులో ఎవరైనా చేసిస్తారు.

క్రాంక్‌షాఫ్ట్ గీతలు పడిపోయిందనో, బ్లాక్ పగిలిందనో తేలితే మాత్రం రిపేరు మోజు పెట్టుకోకండి. ఇంజెక్షన్ పంపు, ఫ్లైవీల్, గవర్నర్ విడిగా అమ్మి, మిగతాది తూకానికి ఇచ్చేయండి.