పాత ఇంటిని చదవడం, 4వ పాఠం: గోడలో మిగిలిన కొట్టు

గత పాఠంలో ఇటుకల వరస చూసి గోడ వయసును అంచనా వేశాం. ఈసారి ప్రశ్న వేరు. ఇప్పుడు మామూలు ఇల్లుగా కనిపిస్తున్న కట్టడంలో ఒకప్పుడు కొట్టు నడిచిందా అన్నది ఎలా తేల్చుకోవాలి?

ముందుగా కొట్టు ఆనవాళ్ళు చెదరకుండా ఉన్న ఇంటిని చూసి కంటిని తర్ఫీదు చేసుకుందాం. సిడ్నీలోని ది రాక్స్ ప్రాంతంలో గ్లౌసెస్టర్ వీధిలో సుసన్నా ప్లేస్ ఉంది. ఐర్లండ్ నుంచి వలస వచ్చిన ఎడ్వర్డ్, మేరీ రైలీ దంపతులు 1844లో కట్టించిన నాలుగు ఇటుక ఇళ్ళ వరస అది. మనం టెర్రస్ అంటే డాబా పైభాగం అనుకుంటాం. అక్కడ మాత్రం ఉమ్మడి గోడలతో ఒకదానినొకటి ఆనుకుని ఉన్న ఇళ్ళను అలా పిలుస్తారు. వంటిల్లు నేలమాళిగలో, మరుగుదొడ్డి పెరట్లో ఉంటాయి. చివరి ఇంటి ముందు గదిలో 1845 నుంచి 1935 వరకు కిరాణా కొట్టు నడిచింది.

అక్కడికి వెళ్ళగలిగితే ఎదురుగా నిలబడి కిటికీలను పోల్చి చూడండి. కాపురం ఉండే గదికి వెలుతురు కావాలి, చాటూ కావాలి. అందుకే దాని కిటికీ సన్నగా, నిలువుగా ఉంటుంది. కొట్టు కిటికీ వెడల్పుగా ఉంటుంది, ఎందుకంటే వీధిలో వెళ్ళేవారికి సరుకు కనబడాలి. ఈ ఒక్క తేడా మనసులో నాటుకుంటే సగం పాఠం వచ్చినట్టే.

ఇప్పుడు మూసేసిన కొట్టు సంగతి. వ్యాపారం ఆగాక సాధారణంగా కిటికీని కుదించి, మిగతా ఖాళీని ఇటుకతో పూడుస్తారు. పైనున్న పొడవాటి దూలాన్ని మాత్రం కదిలించరు, మేడ గోడ బరువంతా దాని మీదే ఉంటుంది. పొడవైన దూలం కింద చిన్న కిటికీ కనిపిస్తే అక్కడే ఆగండి. దూలం కొన దగ్గర నుంచి నిలువుగా కిందికి చూడండి. పాత ఇటుకలు, కొత్త ఇటుకలు ఒకదానిలో ఒకటి అల్లుకోకుండా తిన్నని గీతలా విడిపోయి ఉంటే, అది పూడ్చిన ద్వారమో కిటికీయో అయి ఉంటుంది. పైన సున్నం పూత ఉందా? పొద్దున గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండ పడే వేళ వెళ్ళండి. పూత కింద దాగిన అంచు సన్నని నీడగా తేలవచ్చు.

గడప కూడా చూడండి, కానీ దాన్ని నేను రెండో సాక్షిగానే తీసుకుంటాను. రాతిమెట్టు మధ్యలో అరిగిపోయి ఉంటే రాకపోకలు ఎక్కువగా సాగాయని తెలుస్తుంది. అయితే మెట్టును మార్చేసి ఉండవచ్చు కూడా. ఒక్క ఆనవాలుతో తీర్పు చెప్పకండి, కనీసం రెండు కావాలి.

తరువాత కాగితాలు. సిడ్నీలో 1858 నుంచి 1933 దాకా వెలువడిన శాండ్స్ డైరెక్టరీలో వీధుల వారీగా నివాసుల పేర్లు, చాలాచోట్ల వారి వృత్తి కూడా ఉంటాయి. నగరపాలక సంస్థ పన్ను మదింపు పుస్తకాలు 1845 నుంచి మొదలవుతాయి. గోడ చెప్పినదీ కాగితం చెప్పినదీ కలిసిన రోజు కలిగే సంతోషాన్ని మీరూ అనుభవించాలని నా కోరిక.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆనవాళ్ళ కోసం పూతలు గీకకండి. 1900లో ప్లేగు వచ్చాక ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని స్వాధీనం చేసుకుని చాలా ఇళ్ళు కూల్చింది. సుసన్నా ప్లేస్ మిగిలింది, 1990 వరకు అందులో మనుషులు కాపురం ఉన్నారు. 1993లో ప్రదర్శనశాలగా తెరిచినప్పుడు కొట్టును పాత పద్ధతిలో మళ్ళీ అమర్చినా, ఇళ్ళలో పేరుకున్న రంగుల పొరలను, గోడ కాగితాలను తుడిచేయలేదు. ఎంతో మంచి పని చేశారు. ఒక్కో పొర ఒక్కో కాపురానిది.

అభ్యాసం: మీ వీధిలో పాత ఇల్లు ఒకటి ఎంచుకుని, ముందు గోడ బొమ్మ గీయండి. దూలం, నిలువు గీత, గడప ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. ఆ తరువాతే ఇంటి పెద్దలను అడగండి. వచ్చే పాఠంలో ఆ బొమ్మతోనే పని.