జిమ్ మధ్యలో ఆగిపోతోందా? మోటివేషన్ని తిట్టుకునే ముందు ఇవి చూసుకోండి

పదకొండేళ్లుగా మా కాలనీ జిమ్‌లో పొద్దున బ్యాచ్ చూసుకుంటున్నాను. "మోటివేషన్ పోయిందన్నా" అనే మాట నెలకు పదిసార్లైనా వింటాను. నవంబరులో మాల వేసుకుని 41 రోజులు తెల్లవారుజామున లేచి చన్నీళ్ల స్నానం చేసిన మనిషే ఫిబ్రవరిలో వచ్చి "నాకు విల్‌పవర్ లేదన్నా" అంటాడు. నవ్వాలో ఏడవాలో తెలియదు. విల్‌పవర్ ఉంది బాబూ, తప్పు ఇంకెక్కడో జరుగుతోంది. అదెక్కడో వెతకడానికే ఇది రాస్తున్నా. స్క్వాట్ (బరువు భుజాన వేసుకుని కూర్చుని లేవడం) ఎలా వేయాలి, వార్మప్ ఎంతసేపు చేయాలి లాంటివి ఇక్కడ ఉండవు, అవి మీకు తెలుసనే అనుకుంటున్నా.

లక్షణం: అలారం మోగుతుంది, ఒళ్లు లేవదు

కారణం రాత్రిలో ఉంటుంది, పొద్దున్న వెతికితే దొరకదు. పదిన్నరకు భోజనం, పడుకుని పన్నెండున్నర దాకా ఫోను, ఐదుంబావుకు అలారం. లెక్కేస్తే ఐదు గంటల నిద్ర కూడా లేదు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలని అందరికీ తెలుసు, అయినా నేను "రాత్రి ఎన్నింటికి పడుకున్నావ్?" అని అడిగితే సూటిగా జవాబు చెప్పేవాళ్లు అరుదు. "పదకొండుకే అన్నా" అంటారు. అది మంచం ఎక్కిన టైము, నిద్రపోయిన టైము కాదు.

వరసగా మూడు రాత్రులు నిజమైన టైము రాసుకోండి. ఆరు గంటల కంటే తక్కువ వస్తే ఇక కింద రాసినవేవీ చదవక్కర్లేదు, ముందు దీన్ని సరిచేసుకోండి. భోజనం గంట ముందుకు జరపండి, సాయంత్రం ఏడు తర్వాత కాఫీ మానండి (తాగిన కెఫీన్‌లో సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది). అమెరికా కాల్స్ రాత్రి పదకొండున్నర దాకా ఉండే ఉద్యోగమైతే పొద్దున బ్యాచ్ మీకు కాదు, మొహమాటం లేకుండా సాయంత్రానికి మారిపోండి. పొద్దున చేస్తేనే ఫలితం అని ఎవరు చెప్పారో గానీ ఆ మాట చాలామందిని ముంచింది.

లక్షణం: మొదటి పది రోజులు ఊపు, పన్నెండో రోజు నుంచి మాయం

ఇది జనవరి బ్యాచ్ జబ్బు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టేసి, వారానికి ఆరు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున మొదలుపెడతారు. రెండో వారంలో ఒక్క రోజు పోతుంది, పోయినదాన్ని మర్నాడు కలిపి రెండు గంటలు చేస్తారు, ఆ పైన కథ మీకు తెలిసిందే. వారానికి మూడు రోజులు, నలభై ఐదు నిమిషాలు, రెండు నెలల వరకు అంతే. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, దానితో పాటు రెండు రోజులు కండరాలకు పని ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు రోజుల జిమ్‌కి వారంలో కొంత నడక చేరిస్తే అక్కడికి చేరిపోతారు. పోయిన రోజు పోయింది, దాన్ని అప్పులా మోసుకొచ్చి తీర్చక్కర్లేదు.

లక్షణం: మూడు నాలుగు నెలలు బాగానే చేశాను, ఊరెళ్లొచ్చాక మళ్లీ కుదరలేదు

అసలు ఇది రాయడానికి కూర్చున్నదే దీని కోసం. సంక్రాంతికి ఊరెళ్లారు, లేదా ఇంట్లో పెళ్లి, లేదా పిల్లలకు పరీక్షలు, లేదా వైరల్ జ్వరం. పది నుంచి ఇరవై రోజుల గ్యాప్. దాని తర్వాత జిమ్ ఆగిపోతుంది. అందరూ చెప్పే కారణం ఒకటే, "గ్యాప్ వచ్చిందన్నా, అలవాటు తప్పింది." నేను కూడా ఏళ్ల తరబడి అదే నమ్మాను. తప్పు.

నా సంగతే చెప్తాను. చెల్లి పెళ్లి పనులతో పందొమ్మిది రోజులు జిమ్ ముఖం చూడలేదు. తిరిగొచ్చిన రోజు మంచి హుషారు మీదున్నాను, పెళ్లిలో తిన్న బూరెలన్నీ కరిగించేయాలని కసి. గ్యాప్‌కి ముందు స్క్వాట్ 90 కిలోలు, ఐదు సెట్లు, సెట్‌కి ఐదు రెప్స్ (అంటే ఆగకుండా ఐదుసార్లు). సరే అని అదే బరువు ఎక్కించాను, లేచింది. "అరె, బలం ఏం పోలేదే" అని సంబరపడి లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి దిగి లేవడం) కూడా కలిపాను. మర్నాడు కాస్త పట్టేసినట్టు ఉంది. ఆ మర్నాడు మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది, బాత్రూంలో కూర్చోవడం గురించి ఇక్కడ రాయలేను. నాలుగు రోజులు వెళ్లలేదు. ఐదో రోజుకు నొప్పి తగ్గింది, కానీ ఆ పాటికి "పందొమ్మిది ప్లస్ నాలుగు" అని లెక్క పెరిగింది, బ్యాచ్ వాళ్లకు ముఖం చూపించాలంటే సిగ్గు. మళ్లీ వెళ్లడానికి నాలుగు నెలలు పట్టింది. నేను నడిపే బ్యాచ్‌కి నేనే నాలుగు నెలలు రాలేదు, ఆ నాలుగు నెలలూ ఇంకొకాయన తాళం తీసేవాడు.

ఆ నాలుగు నెలలకు నేను పెట్టుకున్న పేరు బద్ధకం. ఇలాగే ఇంకో రెండుసార్లు జరిగాక ఒకరోజు నా పాత నోట్‌బుక్ తిరగేస్తుంటే విషయం కనబడింది. ప్రతి పెద్ద ఖాళీకి ముందు ఒకే వరస ఉంది: చిన్న గ్యాప్, ఒక్క భారీ రోజు, ఆ పైన తెల్ల కాగితాలు. చిన్న గ్యాప్ తర్వాత తేలికగా మొదలుపెట్టిన సార్లు మాత్రం పేజీలు మామూలుగా నిండాయి. రొటీన్ని చంపింది గ్యాప్ కాదు, గ్యాప్ తర్వాత మొదటి రోజు.

దొంగ దొరకకపోవడానికి కారణం ఉంది. రెండు మూడు వారాలు ఆపితే బలం పెద్దగా పోదు, కాబట్టి పాత బరువు లేస్తుంది, లేస్తే అంతా మామూలే అనుకుంటాం. పోయేవి వేరే ఉన్నాయి. దమ్ము ముందు పోతుంది, ట్రెడ్‌మిల్ ఎక్కితే తెలిసిపోతుంది. కండరాలు రోజూ ఆ పనికి అలవాటుపడి ఉన్నప్పుడు నొప్పి రాకుండా ఒక రక్షణ ఉంటుంది, గ్యాప్ పెరిగే కొద్దీ అదీ సడలుతుంది. ఈ నొప్పి లాక్టిక్ ఆసిడ్ వల్ల అని ఇప్పటికీ చెప్పే ట్రైనర్లున్నారు. కాదు, ఆ ఆసిడ్ వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో సర్దుకుంటుంది. ముఖ్యంగా బరువును కిందికి దించేటప్పుడు కండ సాగుతూ పనిచేసినచోట సూక్ష్మంగా దెబ్బతింటుంది, ఆ నొప్పి మర్నాడు మొదలై రెండో రోజు, మూడో రోజు ముదురుతుంది. స్క్వాట్, లంజెస్ తర్వాత అంత ఘోరంగా ఉండేది అందుకే. చేసేటప్పుడు నొప్పి లేదు, అయిపోయాక హుషారు, శిక్ష పడేది నలభై ఎనిమిది గంటల తర్వాత. అప్పటికి మన బుర్ర దాన్ని ఆ మొదటి రోజుతో కలిపి చూడదు, "మూడ్ లేదు" అని పేరు పెట్టేస్తుంది.

గ్యాప్ వల్లే అలవాటు పోతుందన్న భయం కూడా సగం ఉత్తదే. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించిన ఒక అధ్యయనంలో, కొత్త పని దానంతటదే జరిగే అలవాటుగా మారడానికి సుమారు 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక్కసారి తప్పినా అలవాటు కుదురుకోవడానికి పెద్ద ఇబ్బంది రాలేదు. 21 రోజుల్లో అలవాటైపోతుందనే మాట నమ్మి, ఇరవై రెండో రోజు లేవలేకపోయినందుకు తనను తాను తిట్టుకునేవాళ్లను రోజూ చూస్తాను.

మీది ఇదేనా కాదా తేల్చుకోవడం సులభం. నోట్‌బుక్, యాప్, జిమ్ రిజిస్టర్, ఏదో ఒకటి తీయండి. ఖాళీ మొదలైనచోట ఆగి, దానికి ముందు చివరిసారి ఏం చేశారో చూడండి. అక్కడ లెగ్ డేనో (కాళ్ల వ్యాయామాల రోజు), పూర్తి బరువులతో గంటన్నరో ఉంటే, దానికి ముందు వారం పైన గ్యాప్ కూడా ఉంటే, మీ సమస్య దొరికినట్టే. ఏమీ రాసుకోలేదంటారా, ఫోన్‌లో ఫోటోల తేదీలు చూడండి, జిమ్ అద్దం ముందు సెల్ఫీ తీయనివాడు మా బ్యాచ్‌లో ఇంకా పుట్టలేదు.

ఇక సరిచేయడం. గ్యాప్ వారం లోపైతే బరువులు అవే ఉంచి ప్రతిదాంట్లో ఒక సెట్ తగ్గించండి, అంతకు మించి ఆలోచించొద్దు. వారం నుంచి మూడు వారాలైతే మొదటి రోజు బరువు మూడింట రెండు వంతులు, సెట్లు సగం. అంటే 60 కిలోలతో నాలుగు సెట్లు వేసేవాళ్లు 40 కిలోలతో రెండు సెట్లు వేసి బార్ పెట్టేయాలి. మొత్తం అరగంటలో బయటపడాలి. రెండోసారి 45తో మూడు సెట్లు, మూడోసారి 50తో మూడు, ఇలా రెండో వారం చివరికి పాత లెక్కకు వచ్చేస్తారు. నెల దాటితే సగం బరువుతో మొదలుపెట్టి మూడు వారాలు తీసుకోండి. లంజెస్ లాంటివి మొదటి వారం అసలు ముట్టొద్దు. జ్వరం తర్వాతైతే, ముఖ్యంగా డెంగీ, టైఫాయిడ్ లాంటివైతే, ఈ లెక్కలేవీ కాదు, డాక్టరు సరేనన్నాకే.

ఇది చెప్పడం తేలిక, చేయించడమే నా ప్రాణం మీదికి వస్తుంది. 40 కిలోలతో రెండు సెట్లు వేసిన మనిషి "ఇంతేనా అన్నా, చెమట కూడా పట్టలేదు" అంటాడు, నేను అటు తిరగ్గానే ఇంకో రెండు ప్లేట్లు ఎక్కిస్తాడు. అందుకని ఇప్పుడు ఊరెళ్లే ముందే రాయిస్తున్నాను. ప్రయాణం ముందు రోజు నోట్‌బుక్‌లో తర్వాతి పేజీ తీసి, తిరిగొచ్చిన మొదటి రోజు బరువులు, సెట్లు పెన్నుతో రాసి పెట్టుకోవాలి. వచ్చాక హుషారులో నిర్ణయించుకుంటే తప్పకుండా ఎక్కువే రాస్తారు, బస్సెక్కే ముందు రాస్తే బుద్ధిగా రాస్తారు. ఆ మొదటి రోజుకి ఒకటే పరీక్ష: ఎల్లుండి మెట్లు మామూలుగా దిగగలిగితే సరిగ్గా చేసినట్టు.

ఒక్క హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గ్యాప్ తర్వాత విపరీతంగా చేసి, కండరాలు వాచి, మూత్రం డికాషన్ రంగులో వస్తుంటే అది మామూలు పట్టేయడం కాదు. కండ విరిగి రక్తంలో కలుస్తోందన్నమాట, కిడ్నీలు దెబ్బతినొచ్చు. నీళ్లు తాగి పడుకోవడం కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

లక్షణం: రెండు నెలలైంది, ఏం తేడా కనబడట్లేదు, వెళ్లబుద్ధి కావట్లేదు

రోజూ బరువు చూసే మిషన్ ఎక్కి దిగుతున్నారు కదా? ఉప్పు, నీళ్లు, రాత్రి తిన్న బిర్యానీ, వీటితోనే బరువు ఒక రోజులో కిలో అటూ ఇటూ అవుతుంది. వారానికి ఒకసారి, పొద్దున్నే, ఏమీ తినకముందు చూసుకోండి, నడుముకు టేపు పెట్టండి, జిమ్‌లో ఎత్తినట్టు రాసుకున్న బరువులు రెండు నెలల కిందటికీ ఇప్పటికీ పోల్చండి. తిండి సంగతి: హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క, పెద్దవాళ్లకు ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్. అది మామూలు మనిషికి, బరువులెత్తేవాళ్లకు ఇంకా ఎక్కువే కావాలి. పళ్లెంలో అన్నం కొండలా, పప్పు చారులా ఉంటే మామూలు లెక్క కూడా అందదు.

మిగతావి

బోర్ కొడుతోంది: తోడు వెతుక్కోండి, లేదా వారంలో ఒక రోజు బయట చేయండి. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు, విశాఖలో బీచ్ రోడ్డు, మీ ఊళ్లో హైస్కూలు గ్రౌండు, ఏదైనా ఒకటే. పాటలు మార్చడం వల్ల వారం గడుస్తుంది, అంతే.

ట్రైనర్ నచ్చలేదు: టైము మార్చుకోండి.

థైరాయిడ్, విటమిన్ లోపం: కొందరికి నిజంగానే ఉంటుంది, పరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది, కానీ చాలామంది పరీక్ష లేకుండానే ముందు దీన్నే పట్టుకుంటారు. అయితే ఆడవాళ్లు నీరసం అంటే నేను కొట్టిపారేయను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కాబట్టి రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోందంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష, ఆ తర్వాతే నా బ్యాచ్. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఎవరికైనా సరే, నేరుగా డాక్టరు దగ్గరికే.

కొత్త షూస్ కొంటే ఉత్సాహం వస్తుందా అని వారానికి ఒకరు అడుగుతారు. పాతవాటి అడుగు అరిగిపోయుంటే కొనుక్కోండి.