హైదరాబాద్‌కు కొత్తగా వచ్చారా? షుగర్ ఉంటే చేతికి ఒక బిళ్ళ

సొంత ఊళ్లో మీకు షుగర్ ఉన్న సంగతి కిరాణా కొట్టాయనకు కూడా తెలుసు. మాదాపూర్ హాస్టల్లో పక్క మంచం అబ్బాయికి తెలియదు. డల్లాస్ నుంచి తిరిగొచ్చినా, శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికి వచ్చినా ఇదే తంతు. అందుకే ఇల్లు, గ్యాస్ పనులతో పాటు, షుగర్ ఉన్నట్టు అక్షరాలు చెక్కిన లోహపు బిళ్ళ ఒకటి చేయించుకుని చేతికి వేసుకోండి.

ఇది అందరికీ ఒకే స్థాయిలో అవసరం కాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకూ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకూ తప్పనిసరి అంటాను. ఇవి షుగర్‌ను మరీ కిందికి దించేయగలవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే ఆ భయం చాలా తక్కువ. షుగర్ 70కి దిగువకు వస్తే చెమటలు, వణుకు మొదలవుతాయి. 54 కన్నా తగ్గితే మాట తడబడుతుంది, మనిషి తూలిపోవచ్చు. నైట్ షిఫ్టులో ఇన్సులిన్ తీసుకుని భోజనం ఆలస్యమైతే జరిగేది ఇదే. అర్ధరాత్రి జూబ్లీహిల్స్‌లో రోడ్డు పక్కన తూలుతున్నవాణ్ని చూసి ఎవరైనా తాగాడనే అనుకుంటారు. చేతికున్న బిళ్ళ చూస్తే విషయం అర్థమవుతుంది.

అంబులెన్స్ వాళ్లు ఇలాంటి గుర్తు కోసం ముందు మణికట్టు, తర్వాత మెడ చూస్తారు. మన చేతికి మాత్రం కాశీదారం, రాగి కడియం, తాయెత్తు, గాజులు ముందే ఉంటాయి. వాటి మధ్య సన్నటి గొలుసు వేస్తే అదీ ఇంకో నగే అనుకుంటారు. కాబట్టి వెడల్పాటి బిళ్ళ, దాని మీద కర్రకు పాము చుట్టుకున్న వైద్యచిహ్నం ఎర్ర రంగులో ఉన్నది తీసుకోండి. గాజుల చేతికి కాకుండా రెండో చేతికి పెట్టుకోండి. లాకెట్ అయితే పుస్తెలతో, నల్లపూసలతో చిక్కుపడి చున్నీ కిందికి పోతుంది. ఉంగరం మీద ఏమీ పట్టదు.

బంగారం వద్దు, గొలుసు దొంగల కంట పడుతుంది. తుప్పు పట్టని 316ఎల్ రకం స్టీలు మేలు. గిల్టు నగలతో దురద వచ్చే ఒంటికి టైటానియం గానీ, సిలికాన్ పట్టీ గానీ మంచిది. వేలు దూరేంత వదులుగా ఉండాలి. షుగర్ ఉన్న ఒంటికి ఒరుసుకున్న పుండు తొందరగా మానదు.

అక్షరాలు చెక్కించండి, ప్రింట్ చేయించినవి చెమటకు పోతాయి. బేగంబజార్ లాంటి చోట స్టీలు సామాన్ల కొట్లలో గిన్నెల మీద పేర్లు వేసే మిషన్ ఉంటుంది, అడిగి చూడండి. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో మొదట డయాబెటిస్, దాని కింద ఇన్సులిన్ లేదా మాత్ర పేరు, పెన్సిలిన్ లాంటి మందు పడకపోతే అది కూడా. వెనకవైపు మీ పేరు, రెండు ఫోన్ నంబర్లు. ఒకటి హైదరాబాద్‌లోనే ఉన్నవాళ్లది కావాలి. ఇంటి అడ్రసు వేయించకండి.

అమెరికా నుంచి తెచ్చుకున్న బిళ్ళ మీద, ఫోన్ చేస్తే మన వైద్య వివరాలు చెప్పే అక్కడి మెడిక్‌అలర్ట్ సంస్థ నంబరు ఉండొచ్చు. 1956 నుంచి నడుస్తున్న మంచి సంస్థే గానీ, ఇక్కడ దారినపోయేవాళ్లు ఆ నంబరుకు ఫోన్ చేస్తారని నమ్మకం పెట్టుకోకండి. ప్లస్ 91తో మొదలయ్యే నంబరు మళ్లీ చెక్కించాల్సిందే. ఫోన్ లాక్ స్క్రీన్ మీద వైద్య వివరాలు పెట్టడం కూడా మంచిదే, కానీ ఛార్జింగ్ అయిపోతే పనికిరాదు.

గదిలో ఉండేవాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి. స్పృహ ఉంటే మూడు చిన్న చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగించి, 15 నిమిషాల తర్వాత షుగర్ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఆ సర్వీసు 2005లో మొదలైంది ఈ ఊళ్లోనే. ఎంఆర్ఐ స్కాన్‌కి వెళ్లేముందు బిళ్ళ తీసి ఇవ్వాలి. డాక్టరు మందు మార్చినప్పుడు, మీరు సిమ్ మార్చినప్పుడు కొత్తది చేయించుకోవాలి.