పెద్ద నాణేల ప్రదర్శనకు మొదటిసారి వెళ్తున్నారా? ఇలా సిద్ధమవండి

బెంగళూరులో నేషనల్ న్యూమిస్మాటిక్ ఎగ్జిబిషన్, కోల్‌కతాలో ముద్రా ఉత్సవ్, పుణెలో కాయినెక్స్. పాత నాణేలు కూడబెట్టేవాళ్లు ఏడాదంతా ఎదురుచూసే ప్రదర్శనల్లో ఇవి కొన్ని. పెద్ద హాలు, వరసగా బల్లలు, ఒక్కో బల్ల వెనక ఒక్కో డీలరు. ఒక ట్రేలో శాతవాహనుల సీసపు నాణేలు, పక్క ట్రేలో విక్టోరియా రూపాయిలు, ఆ పక్కనే మొన్నమొన్న విడుదలైన స్మారక నాణేలు. మొదటిసారి వెళ్లినవాళ్లకు ఎటు చూడాలో తోచదు. మధ్యాహ్నానికల్లా జేబు ఖాళీ అవుతుంది, చేతిలో ఒకదానికొకటి పొంతన లేని నాణేలు మిగులుతాయి.

అందుకే నా సలహా ముందే చెప్తాను. మొదటి ప్రదర్శనకు కొనడానికి కాదు, చూడటానికి వెళ్లండి. మ్యూజియంలో నాణెం అద్దం వెనక ఉంటుంది. ఇక్కడ అడిగితే డీలరు తీసి మీ అరచేతిలో పెడతాడు. బరువు, అంచు, అరిగిన తీరు చేతికి తెలుస్తాయి. ఆ అవకాశం ఇంకెక్కడా ఇంత సులువుగా దొరకదు.

ఇంట్లోనే ఒక దారి ఎంచుకోండి

"పాత నాణేలు కావాలి" అంటూ వెళ్తే ఎవరూ సాయం చేయలేరు. ఏదో ఒక అంశం పెట్టుకోండి. తెలుగువాళ్లకు దగ్గరగా ఉండేవి చాలానే ఉన్నాయి.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే స్వతంత్ర భారత నాణేలు మంచివి. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చింది. అప్పటి నుంచి 1964 దాకా నాణేల మీద 'నయా పైసా' అని ఉండేది. సంవత్సరం అంకె కింద చూస్తే ఏ టంకశాలలో ముద్రించారో తెలుస్తుంది. నక్షత్రం గుర్తుంటే హైదరాబాద్, డైమండ్ ఆకారం ఉంటే ముంబయి, చిన్న చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. పాతకాలపు కొన్ని నాణేల మీద వేరే గుర్తులు కూడా ఉంటాయి కానీ, మొదట్లో ఇవి తెలిస్తే చాలు.

కోస్తా వాళ్లకు ఇంకో మంచి అంశం, ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం చేయించిన రాగి నాణేలు. 1794, 1797 సంవత్సరాలతో ఉంటాయి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గరున్న సోహో టంకశాలలో ముద్రించి ఓడల్లో ఇక్కడికి పంపారు. రూపాయికి 48 అని ఇంగ్లిషులో నాణెం మీదే రాసి ఉంటుంది. ఆవిరి యంత్రాల మీద అచ్చయిన నాణేలు కాబట్టి, అప్పటి మన స్థానిక నాణేల పక్కన పెట్టి చూస్తే అంచు ఎంత గుండ్రంగా ఉందో వెంటనే తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి మాత్రం నిజాం చార్మినార్ రూపాయిలు. హిజ్రీ 1321 ప్రాంతంలో, అంటే 1903 దరిదాపుల్లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఇవి మొదలయ్యాయి. చార్మినార్ బొమ్మ మధ్య కమాను లోపల ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ కాలంలో అది 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 'ఐన్'. ఆ ఐన్‌లోనూ రెండు రకాలు: చిన్నగా సగమే ఉన్నది, పూర్తిగా ఉన్నది. మామూలు కంటికి రెండూ ఒకే రూపాయి. భూతద్దం పెట్టి ఆ కమానులోకి చూస్తే తప్ప తేడా కనపడదు. ఉర్దూ రాకపోయినా పరవాలేదు. పర్షియన్ అంకెలు పది నేర్చుకుంటే సంవత్సరం చదివేయొచ్చు. సున్నా బదులు చుక్క ఉంటుందని గుర్తుంచుకోండి, మొదట్లో అందరూ దాన్ని వదిలేసి చదువుతారు.

అంశం ఖాయమయ్యాక, ఏ సంవత్సరాలు కావాలి, ఏవి ఇప్పటికే ఉన్నాయి అని ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో కాదు, కాగితం మీదే. డీలరు ముందు నిలబడి ఫోన్‌లో ఫొటోలు వెతుకుతుంటే వెనకవాళ్లు తోసుకొస్తారు.

సంచిలో ఏమేం ఉండాలి

పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం తప్పనిసరి. నగల షాపువాళ్లు కంటికి పెట్టుకునే రకం. గ్రాములో వందో వంతు దాకా చూపే బుల్లి డిజిటల్ త్రాసు కూడా తీసుకెళ్లండి. జేబులో పట్టేవి వస్తున్నాయి. ఒక చిన్న అయస్కాంతం, పెన్ను, నోటుబుక్కు, మెత్తటి గుడ్డ.

కొన్నవి దాచడానికి కవర్లు మీరే తీసుకెళ్తే మంచిది. మెత్తగా, వాసన కొట్టే పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో నాణేలు ఎక్కువ కాలం ఉంచితే పచ్చటి జిగురు పట్టి పాడవుతాయి. మైలార్ అనే పీవీసీ లేని ప్లాస్టిక్ కవర్లు గానీ, మైలార్ కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు గానీ అడిగి కొనుక్కోండి. హాల్లోనే వీటిని అమ్మే బల్లలు ఉంటాయి.

డబ్బు విషయానికొస్తే, యూపీఐ చాలామంది తీసుకుంటారు. అయినా హాలు నిండిపోయినప్పుడు సిగ్నల్ సరిగా రాదు, కొంత నగదు ఉంచుకోండి. ఎంత ఖర్చు పెట్టాలో ఇంటి దగ్గరే ఖాయం చేసుకుని అంతకు మించి తీసుకెళ్లకపోవడం ఇంకా మంచిది.

ఏ రోజు, ఏ వేళ

ఇలాంటివి ఎక్కువగా శుక్రవారం మొదలై ఆదివారం దాకా జరుగుతాయి. చాలా చోట్ల ప్రవేశం ఉచితం. మంచి సరుకు మొదటి రోజు ఉదయమే చేతులు మారుతుంది, ఎక్కువగా డీలర్ల మధ్యనే. కొత్తవాళ్లు ఆ పరుగులో పడనక్కర్లేదు. తీరిగ్గా చూడాలంటే శుక్రవారం మధ్యాహ్నం హాయిగా ఉంటుంది. శనివారం పిల్లాపాపలతో హాలు కిక్కిరిసిపోతుంది. ఆదివారం సాయంత్రం బల్లలు సర్దుకునేటప్పుడు కొందరు ధర తగ్గిస్తారు. పొద్దున్నే బోణీ బేరానికి వెళ్లినా కాస్త తగ్గుతుంది, బోణీ వదులుకోవడం ఏ వ్యాపారికీ ఇష్టం ఉండదు.

వెళ్లగానే హాలంతా ఒక చుట్టు తిరగండి. ఈ చుట్టులో ఏమీ కొనొద్దు. మీ అంశానికి చెందిన నాణేలు ఎవరి దగ్గర ఉన్నాయి, బల్ల నంబరు ఎంత, ఎంత చెప్తున్నారు అని రాసుకోండి. ఒకే నాణేనికి రెండు బల్లల మధ్య ఎంత తేడా ఉంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఈ ఒక్క చుట్టు మీకు ఆదా చేసే డబ్బు, ఆ తర్వాత ఎంత బేరమాడినా రాదు.

బల్ల దగ్గర మర్యాదలు

ఎవరూ రాసి పెట్టరు గానీ, ఇక్కడ కొన్ని పద్ధతులు గట్టిగా పాటిస్తారు. అడగకుండా ట్రేలో చెయ్యి పెట్టొద్దు. "సార్, ఇది చూడొచ్చా?" అంటే చాలు. నాణేన్ని రెండు వేళ్లతో అంచుల దగ్గరే పట్టుకోవాలి. ముఖం మీద వేలు పడితే చెమట మరక పడుతుంది, తళతళలాడే నాణెం మీద అది ఇక పోదు. ఎప్పుడూ బల్లకు దగ్గరగా, గుడ్డ పైన పట్టుకుని చూడండి, జారినా దెబ్బ తగలదు.

ఒకరు చేతిలో పట్టుకుని చూస్తున్న నాణేనికి మొదటి హక్కు వాళ్లదే. వాళ్లు కింద పెట్టేదాకా ధర అడగకూడదు. పక్కవాళ్లు బేరమాడుతుంటే "అక్కడ దీనికంటే తక్కువకే ఉంది" అని మధ్యలో దూరడం మహా తప్పు. ఒక్కసారి అలా అంటే ఆ డీలరు మీకు మళ్లీ మంచి సరుకు చూపించడు.

రద్దీ లేని వేళ చూసి ప్రశ్నలు అడగండి. "ఇందులో ఫుల్ ఐన్ ఉందా అన్నా?" అని అడిగి చూడండి. మీకు కొంత తెలుసని అర్థమవగానే, చాలామంది బల్ల కింద నుంచి ఇంకో డబ్బా తీస్తారు. ముప్పై నలభై ఏళ్లుగా నాణేలు పట్టుకున్న చేతులవి. తాము నేర్చుకున్నది చెప్పడానికి వాళ్లకూ ఇష్టమే.

నకిలీలను పట్టుకోవడం

ముందు తూకం. విక్టోరియా నుంచి ఐదో జార్జి దాకా వెండి రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అరుగుదల వల్ల కొంచెం తగ్గడం మామూలే. కానీ కొత్తదానిలా మెరుస్తూ పది గ్రాములే తూగితే పక్కన పెట్టేయండి. తర్వాత అంచు చూడండి. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనిపిస్తుంది. భూతద్దంలో అక్షరాల చుట్టూ చిన్న చిన్న బుడగల గుంటలుంటాయి, అక్షరాల అంచులు కరిగినట్టు మొద్దుగా ఉంటాయి.

వెండి అయస్కాంతానికి అంటదు. అయితే 1947 రూపాయి అంటుకుందని కంగారుపడొద్దు. పులి బొమ్మ ఉన్న ఆ రూపాయి నికెల్‌తో చేసింది, అంటుకోవాలి కూడా.

1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి చాలా అరుదు. అందుకే దాని నకిలీలకు కొదవ లేదు. అలాంటిది ఎవరైనా చవగ్గా ఇస్తామంటే నమస్కారం పెట్టి ముందుకు వెళ్లండి. 1911 నాటి ఐదో జార్జి రూపాయి మాత్రం చూసి తీరాలి. రాజు అంగీ మీద ఏనుగు బొమ్మకు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించిందని గొడవ జరిగింది. మరుసటి ఏడాదికి బొమ్మ మార్చారు. రెండు సంవత్సరాలవీ పక్కపక్కన పెట్టి చూపించమనండి.

ఇక రాముడి పట్టాభిషేకం, హనుమంతుడి బొమ్మలతో '1818 ఈస్టిండియా కంపెనీ' అని ఉండే బిళ్లలు మన ఇళ్లలోనూ కనిపిస్తుంటాయి. కంపెనీ అలాంటి నాణేలు ఎప్పుడూ ముద్రించలేదు. భక్తితో పూజలో పెట్టుకోండి, కోట్లు వస్తాయని ఎవరన్నా నమ్మకండి.

నకిలీ కాకపోయినా తోమిన నాణేలతో జాగ్రత్త. చింతపండుతో తోమిన రాగి నాణెం గులాబీ రంగులో, సహజం కాని మెరుపుతో ఉంటుంది. భూతద్దంలో ఒకే దిక్కుగా సన్నని గీతలు కనిపిస్తాయి. దాని విలువ సగానికి సగం పోయినట్టే. ఇంట్లో ఉన్న నాణేలనూ ప్రదర్శనకు తీసుకెళ్లే ముందు తోమకండి, దయచేసి. ఆ నల్లటి పొరే వాటికి రక్ష.

కొనేటప్పుడు

రెండో చుట్టులో, రాసుకున్నవాటిలోంచి ఒకటో రెండో ఎంచుకోండి. తక్కువ రకం నాణేలు పది కొనేకంటే, అక్షరాలన్నీ స్పష్టంగా ఉన్నది ఒకటి కొనడం మేలు. "లాస్ట్ ప్రైస్ ఎంత సార్?" అని మర్యాదగా అడగొచ్చు. చెప్పినదాంట్లో సగానికి అడిగితే మాత్రం మాట అక్కడితో ఆగిపోతుంది. ఖరీదైనదైతే బిల్లు తప్పక తీసుకోండి. నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటారా అని ముందే అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకోండి. ఎన్‌జీసీ, పీసీజీఎస్ సంస్థలు పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసిన నాణెమైతే, దాని మీదున్న నంబరును అక్కడే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. పెట్టెలకూ నకిలీలు వస్తున్నాయి.

పెద్ద ప్రదర్శనల్లో సాయంత్రాలు వేలం కూడా జరుగుతుంది. మొదటిసారి వెనక వరసలో కూర్చుని చూడండి చాలు. వేలంలో ఖాయమైన ధర మీద వేలం సంస్థ కమీషను, జీఎస్టీ కలుస్తాయి. ఆ లెక్క తెలియకుండా చెయ్యి ఎత్తకండి.

ప్రభుత్వ టంకశాలల స్టాల్ ఉంటే స్మారక నాణేలు అక్కడే కొనండి. 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం హైదరాబాద్ టంకశాలలోనే ముద్రించింది. 44 మిల్లీమీటర్ల వ్యాసం, సగం వెండి. ముఖ విలువ వందే అయినా అమ్మకపు ధర వేలల్లోనే. ఇలాంటివి బయట కొనాల్సొస్తే టంకశాల ధర ఎంతో తెలుసుకున్నాకే బేరానికి దిగండి.

అమ్మాలనుకున్నా, విదేశం తీసుకెళ్లాలనుకున్నా

తాతమ్మ పెట్టెలోని నాణేలు మూటగట్టుకుని వచ్చేవాళ్లు ప్రతి ప్రదర్శనలోనూ కనిపిస్తారు. కనీసం ముగ్గురు డీలర్లకు చూపించి, వాళ్లు చెప్పిన ధరలు రాసుకున్నాకే నిర్ణయం తీసుకోండి. డీలరు కొనే ధర అమ్మే ధర కంటే తక్కువే ఉంటుంది, అది వాళ్ల బతుకుదెరువు. ఫోన్‌లో "ఆర్‌బీఐ కమీషన్ కడితే మీ పాత నాణేనికి లక్షలు" అనేవాళ్ల మాట అసలు వినొద్దు. తమ పేరుతో జరుగుతున్న ఈ మోసాల గురించి రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది.

పొలంలో, పునాదుల్లో దొరికినవైతే సంగతి వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. వాటిని ప్రదర్శనకు తెస్తే చిక్కుల్లో పడతారు. రద్దయిన పాత 500, 1000 నోట్లు కూడా సరదాగా పోగేయకండి. 2017 చట్టం ప్రకారం పదికి మించి ఉండకూడదు, అధ్యయనానికో సేకరణకో అయితే 25 దాకా.

సెలవులకు అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చి ప్రదర్శన చూసే మనవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1972 నాటి చట్టం కింద వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే, దేశం దాటించడం నేరం. 1957 తర్వాతి నాణేలు ఎంచుకుంటే ఈ టెన్షన్ ఉండదు. నిజాం రూపాయి మీద మనసు పడితే, కొని హైదరాబాద్‌లో అమ్మానాన్నల దగ్గర ఉంచండి. ఏ నాణేన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారో, తూకం ఎంతో చిన్న చీటీ మీద రాసి కవరుకు జత చేసి మరీ ఇవ్వండి.